పరుగు ఆపు, నడక ఆపకు

బాబూ,

నీ ఉత్తరం చదివాను. పొద్దున లేవగానే మడమ వెనక పట్టేసినట్టుండటం, నాలుగడుగులు వేశాక సర్దుకోవడం, పరుగెత్తిన మర్నాడు మళ్లీ తిరగబెట్టడం, ఇవన్నీ టెండన్ నొప్పి లక్షణాలే. ఫిజియోథెరపీలో ఇన్నేళ్లు పనిచేసినదాన్ని, ఇలాంటి మడమలు చాలానే చూశాను. టెన్షన్ పడకు. అలాగని వారంలో పోతుందనీ అనుకోకు.

కండరాన్ని ఎముకకు కలిపే గట్టి పట్టీయే టెండన్. కండరంతో పోలిస్తే దానికి రక్తం తక్కువ అందుతుంది, అందుకే నిదానంగా బాగుపడుతుంది. పరుగు ఒక్కసారిగా రెట్టింపు చేశానన్నావే, తేడా అక్కడే వచ్చింది. ఆయాసం తగ్గింది కదా అని నువ్వు పెంచుకుంటూ పోయావు, టెండన్ అంత త్వరగా అలవాటు పడదు. భుజం, మోచేయి, చేతి బొటనవేలి మొదలు, మోకాలి చిప్ప కింద, ఎక్కడొచ్చినా దాదాపు ఇదే కథ. వయసు, షుగర్ కూడా తోడవుతుంటాయి.

కొందరు పళ్లు బిగించి అలాగే పరుగెత్తుతారు. ఇంకొందరు నెలల తరబడి కాలు కదపరు. ఈ రెండోది జాగ్రత్తలా కనిపిస్తుంది గానీ, బరువు పడని టెండన్ ఇంకా బలహీనపడుతుంది. నువ్వు పరుగు, గెంతడం ఆపు, నడక మానకు. మొదట్లో గుడ్డలో చుట్టిన ఐసు ఓ 15 నిమిషాలు పెట్టుకుంటే ఊరటగా ఉంటుంది. నొప్పి మాత్రలు డాక్టర్ని అడిగి కొద్ది రోజులే వాడు.

అసలు మందు వ్యాయామం. మెట్టు అంచున మునివేళ్ల మీద నిలబడు. రెండు కాళ్లతో పైకి లేచి, నొప్పి ఉన్న కాలి మీదే బరువు వేసి మడమను మెల్లగా మెట్టు కిందికి దించు. మోకాలు నిటారుగా ఉంచి 15 సార్లు చొప్పున 3 విడతలు, కాస్త వంచి మరో 3 విడతలు. రోజుకు రెండుపూటలా, 12 వారాలు. మొదటి రోజే అన్నీ చేసేయకు, కొద్దికొద్దిగా ఆ లెక్కకు చేరుకో. సరిగ్గా మడమ ఎముక దగ్గరే నొప్పైతే మాత్రం మెట్టు వద్దు, నేల మీదే చెయ్యి. చేసేటప్పుడు కొంచెం నొప్పి ఉన్నా పర్లేదు, మర్నాడు పొద్దున ఎక్కువైతే విడతలు తగ్గించు. విసుగ్గా ఉంటుంది, నాకు తెలుసు. సగంలో మానేసి "పనిచేయలేదు" అనేవాళ్లే ఎక్కువ.

స్టెరాయిడ్ ఇంజెక్షన్ గురించి అడిగావు. నాకు దాని మీద మోజు లేదు. టెన్నిస్ ఎల్బోకి, అంటే మోచేతి టెండన్ నొప్పికి, వేస్తే కొన్ని వారాలు హాయిగానే ఉంటుంది, ఏడాది తర్వాత చూస్తే వేయించుకోనివాళ్లే మెరుగ్గా ఉన్నట్టు అధ్యయనాల్లో తేలింది. మడమ టెండన్ అయితే తెగే ప్రమాదమూ ఉంది. అన్నట్టు, ఈమధ్య సిప్రోఫ్లాక్సాసిన్, లీవోఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్ ఏదైనా వాడావా? వాటి వల్ల కూడా టెండన్ దెబ్బతినొచ్చు, డాక్టరుకు తప్పకుండా చెప్పు.

వెనక నుంచి ఎవరో తన్నినట్టు ఒక్కసారిగా నొప్పి వచ్చి, మునివేళ్ల మీద లేవలేకపోతే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లు. ఎర్రగా, వేడిగా వాచి జ్వరం వచ్చినా అంతే.

తగ్గాక మళ్లీ పరుగు మొదలుపెట్టేటప్పుడు రోజు విడిచి రోజు, కొద్ది దూరమే. వేగం, దూరం రెండూ ఒకే వారంలో పెంచకు. ఈలోగా మడమ దగ్గర అరిగిన షూ ఉంటే మార్చేయ్. రెండు వారాలయ్యాక పొద్దుటి బిగువు ఎలా ఉందో రాయి.

మీ పెద్దమ్మ