ఇల్లు పోయిన కుటుంబాలకు రావలసిన డబ్బు బడ్జెట్‌లోకి ఎలా వెళ్ళింది?

నమస్కారం. మీ అన్నయ్య ఇల్లు 2010లో కాలిఫోర్నియాలో బ్యాంకు స్వాధీనమైందని, సెటిల్‌మెంట్ డబ్బులో వాటా ఇప్పుడు అడగవచ్చా అని రాశారు. చదివి బాధ కలిగింది.

మీరడిగిన సెటిల్‌మెంట్ ఇది: అక్రమంగా ఇళ్ళు స్వాధీనం చేసుకున్నాయన్న ఆరోపణలపై 2012లో అయిదు పెద్ద బ్యాంకులు 49 రాష్ట్రాలతో, అమెరికా కేంద్ర ప్రభుత్వంతో సుమారు 2,500 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకున్నాయి. అందులో రెండు పద్దులను వేరుగా చూడండి. 2008–2011 మధ్య ఇల్లు కోల్పోయినవారికి నేరుగా చెక్కులు పంపారు, ఒక్కొక్కరికి సుమారు 1,480 డాలర్లు. దానికి దరఖాస్తు గడువు 2013లోనే ముగిసింది కాబట్టి ఆ వాటా ఇప్పుడు రాదు.

రెండోది రాష్ట్రాల ఖజానాకు చేరిన సొమ్ము, దాదాపు 250 కోట్ల డాలర్లు. దీన్ని ఖర్చు చేయడంలో రాష్ట్రాలకు చాలా స్వేచ్ఛ దొరికింది. జార్జియా తన వాటాను పరిశ్రమలను ఆకర్షించడానికి మళ్ళించింది. కాలిఫోర్నియా తనకు వచ్చిన సుమారు 41 కోట్ల డాలర్లలో ఎక్కువ భాగాన్ని ఇళ్ళ పథకాల కోసం బాండ్ల ద్వారా గతంలో తెచ్చిన అప్పులు తీర్చడం వంటి బడ్జెట్ అవసరాలకు వాడుకుంది. ఇళ్ళు పోయినవారి పేరున వచ్చిన డబ్బుతో ఇలా చేయడం నా దృష్టిలో అన్యాయం. స్వచ్ఛంద సంస్థలు కోర్టుకు వెళ్ళాయి. 33.1 కోట్ల డాలర్ల మళ్ళింపు చట్టవిరుద్ధమని 2018లో అప్పీలు కోర్టు తేల్చింది. మరుసటి ఏడాది రాష్ట్ర సుప్రీంకోర్టు జోక్యం చేసుకోలేదు. దాంతో తీర్పు నిలిచి, ఆ సొమ్మును ఉచిత న్యాయసహాయానికి, గృహ సలహా కేంద్రాలకు కేటాయించవలసి వచ్చింది.

అన్నయ్యకు ఇప్పటికీ ఇంటి అప్పు చిక్కులుంటే, అమెరికా కేంద్ర గృహ శాఖ (HUD) ఆమోదించిన సలహా కేంద్రానికి కాగితాలన్నీ తీసుకుని వెళ్ళమనండి. వాయిదాలు తప్పినవారికి అక్కడ ఉచితంగానే సలహా ఇస్తారు. ముందే రుసుము అడిగే దళారులను మాత్రం దగ్గరకు రానివ్వవద్దు.