దిగబోతున్న విమానం మళ్ళీ పైకి లేచిందంటే పైలట్‌కి చేతకానట్టేనా?

హైదరాబాద్ నుంచి విశాఖ వెళ్తుంటే, ఇంకేం దిగిపోతున్నాం అనుకున్న సమయంలో ఇంజన్లు ఒక్కసారిగా హోరెత్తి విమానం మళ్ళీ పైకి వెళ్ళిపోయిందనీ, పక్క సీటాయన "పైలట్‌కి చేతకాలేదు" అన్నాడనీ, అది నిజమేనా అనీ అడిగారు. నేను పదకొండేళ్ళుగా ఎయిర్‌బస్ ఏ320 విమానం నడుపుతున్నాను. మొదటి ఆరేళ్ళు కో-పైలట్‌గా, ఆ తర్వాత కెప్టెన్‌గా. పక్క సీటాయన మాట పూర్తిగా తప్పండీ.

గాలి మారితే పైకి వెళ్తాం. ముందు దిగిన విమానం రన్‌వే ఖాళీ చేయకపోతే వెళ్తాం. మా లెక్క కుదరకపోయినా వెళ్తాం. ఈ మూడోదాని గురించే ఎక్కువ చెప్పాలి.

రన్‌వే వైపు మూడు డిగ్రీల వాలులో దిగాలి. మేం నోటితో వేసుకునే లెక్క సుమారుగా మూడు నాటికల్ మైళ్ళకి (ఒక్కోటి 1.85 కిలోమీటర్లు) వెయ్యి అడుగులు. అంటే పది మైళ్ళ దూరంలో దాదాపు 3,000 అడుగుల ఎత్తులో ఉండాలి. 140 నాట్ల వేగంతో (అంటే గంటకి 140 నాటికల్ మైళ్ళు) వస్తుంటే నిమిషానికి 700 అడుగుల చొప్పున దిగుతుంటాం. నేల నుంచి 1,000 అడుగుల ఎత్తుకి వచ్చేసరికి చక్రాలు, ఫ్లాప్‌లు (రెక్కల వెనక అంచు పలకలు) దిగి ఉండాలి, వేగం కుదురుకోవాలి, దిగే రేటు నిమిషానికి వెయ్యి అడుగులు దాటకూడదు. వీటిలో ఏ ఒక్కటి తప్పినా దాన్ని అన్‌స్టేబుల్ అప్రోచ్ అంటాం. ఇక చేయాల్సింది ఒక్కటే, గో అరౌండ్. అంటే దిగడం మానేసి మళ్ళీ పైకి వెళ్ళడం.

చెప్పడానికి ఇంత తేలిక. కో-పైలట్‌గా నా రెండో ఏడాది, ఒక రాత్రి. ట్రాఫిక్ వల్ల మమ్మల్ని చాలాసేపు ఎత్తులోనే ఉంచారు, పైగా వెనక గాలి. పది మైళ్ళ దగ్గర 4,500 అడుగుల మీదే ఉన్నాం. కెప్టెన్ చక్రాలు ముందే దించమన్నారు, స్పీడ్ బ్రేక్ (వేగం తగ్గించడానికి రెక్కల మీద లేచే పలకలు) లాగారు. "వచ్చేస్తుందిలే" అన్నారు. ఆయన మంచి పైలట్, ఆయన దగ్గర నేను చాలా నేర్చుకున్నాను. 2,000 అడుగుల దగ్గరే నాకు అర్థమైంది, కుదరదని. ఆయన దించిన ముక్కు అలాగే ఉంది, ముందు అద్దంలో రన్‌వే దీపాలు ఉండాల్సినదానికన్నా కిందకి కనిపిస్తున్నాయి. 1,000 అడుగులు దాటగానే నా స్క్రీన్ మీద దిగే రేటు చూపించే అంకె ఆకుపచ్చ నుంచి పసుపు రంగుకి మారింది. నిమిషానికి 1,500.

మాట నోటిదాకా వచ్చింది. బయటికి రాలేదు. ముందు "సర్" అన్నాను. ఆగాను. "సర్, గో అరౌండ్" అనేసరికి 800 అడుగులు. ఆయన మారు మాట్లాడకుండా ఇంజన్ల పవర్ పెంచే థ్రస్ట్ లివర్లు రెండూ చివరిదాకా ముందుకి తోశారు. మీరు విన్న హోరు అదే. ముక్కు పదిహేను డిగ్రీలు లేస్తుంది, ఫ్లాప్‌లు ఒక మెట్టు వెనక్కి, విమానం ఎక్కడం మొదలవగానే చక్రాలు లోపలికి. ఇదంతా కొద్ది సెకన్ల పని. ఆ తర్వాత కూడా ఎత్తు, దారి, ఏటీసీతో (నేల మీది ట్రాఫిక్ కంట్రోలర్లతో) మాటలు. అందుకే మా నుంచి మీకు అనౌన్స్‌మెంట్ రావడానికి నాలుగైదు నిమిషాలు పడుతుంది. ఆ మౌనానికి టెన్షన్ పడకండి.

పార్కింగ్‌లో ఇంజన్లు ఆపాక ఆయన అడిగారు, "నీకు ఎప్పుడు తెలిసింది?" రెండు వేల దగ్గర అని చెప్పాను. "మరి నాకు ఎనిమిది వందల దగ్గరా చెప్పేది?" అన్నారు. కోప్పడలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగారు. నా దగ్గర జవాబు లేదు.

నేల దగ్గరవుతుంటే హెచ్చరించే యంత్రం ఉంటుంది కదా అని చాలామంది అడుగుతారు. ఉంటుంది. డాన్ బేట్‌మన్ అనే ఇంజనీరు తన బృందంతో తయారుచేసిన ఆ పరికరం ఎన్ని ప్రాణాలు కాపాడిందో లెక్కలేదు. రేడియో ఆల్టిమీటర్‌తో కింద నేల ఎంత దూరంలో ఉందో కొలుస్తుంది, ఇప్పటి పరికరాలైతే జీపీఎస్, కొండల మ్యాప్‌తో ముందున్న దారిని కూడా చూస్తాయి. "టెరైన్, టెరైన్, పుల్ అప్" (నేల, నేల, పైకి లాగు) అని అరిచిందంటే వాదన ఉండదు: ఆటోపైలట్ తీసెయ్, పూర్తి పవర్, రెక్కలు సమం, స్టిక్ పూర్తిగా వెనక్కి, స్పీడ్ బ్రేక్ మూసి ఉందో లేదో చూడు. ఆ ఆఖరి పని సిమ్యులేటర్‌లో మా చేత పదేపదే చేయిస్తారు. 1995 డిసెంబర్‌లో కొలంబియాలోని కాలి నగరం దగ్గర బోయింగ్ 757 పైలట్లు హెచ్చరిక విని పైకి లాగారు గానీ, అంతకుముందు తెరిచిన స్పీడ్ బ్రేక్‌లు అలాగే ఉండిపోయాయి. విమానం కొండని ఢీకొంది. 159 మంది పోయారు.

కానీ మా రాత్రి ఆ పరికరం నోరు విప్పలేదు. ఆ ఎత్తులో నిమిషానికి 1,500 అడుగులు దానికి అంత ప్రమాదంగా కనిపించదు. మా హద్దు దాటిన చోటుకీ, అది అరిచే చోటుకీ మధ్య ఒక జాగా ఉంది. అక్కడ పలకాల్సింది పక్కనున్న మనిషే.

మనిషి పలికినా చాలదు. 2010 మే 22న మంగళూరులో దుబాయ్ నుంచి వచ్చిన బోయింగ్ 737 ఉండాల్సిన ఎత్తుకి దాదాపు రెట్టింపు ఎత్తులో రన్‌వే వైపు వచ్చింది. కెప్టెన్ అంతకుముందు గంటన్నరకు పైగా నిద్రపోయారని విచారణలో తేలింది. కో-పైలట్ మూడుసార్లు గో అరౌండ్ అన్నారు. యంత్రం కూడా పదేపదే అరిచింది. 8,033 అడుగుల రన్‌వేలో దాదాపు 5,200 అడుగులు దాటాక చక్రాలు నేలని తాకాయి. చుట్టూ లోయలున్న గుట్ట మీది రన్‌వే అది. 166 మందిలో మిగిలింది ఎనిమిది మంది. ఆ నివేదిక చదివిన ప్రతిసారీ నేను ఆ కో-పైలట్ కూర్చున్న కుడివైపు సీట్లో కూర్చున్నట్టే ఉంటుంది. మూడుసార్లు అన్నాక ఇంకేం చేయాలి? లివర్లు తానే తోసెయ్యాలి అని ఇప్పుడు మాకు నేర్పిస్తారు. పెద్దవాళ్ళ చేతిలోంచి లాక్కోవడం మన పెంపకంలో ఎంత కష్టమో మీకు తెలుసు.

విమాన భద్రత కోసం పనిచేసే ఫ్లైట్ సేఫ్టీ ఫౌండేషన్ లెక్క ప్రకారం అన్‌స్టేబుల్ అప్రోచ్‌లలో గో అరౌండ్ చేసేవి నూటికి మూడే. మిగతావాళ్ళు ఎలాగోలా దిగిపోతారు. చాలావరకు ఏమీ కాదు, అదే అలవాటవుతుంది. నాకు భయం వేసేది ఆ తొంభై ఏడు గురించి, మీ విమానం గురించి కాదు.

ఇప్పుడు నా పక్కన ఎవరు కూర్చున్నా బ్రీఫింగ్‌లో ఒక మాట చెప్తాను: "సర్ అక్కర్లేదు. గో అరౌండ్ అను చాలు, ముందు నా చెయ్యి కదులుతుంది, ఎందుకని తర్వాత అడుగుతాను." పోయిన వానాకాలంలో ఒకమ్మాయి, ఉద్యోగంలో చేరి ఏడాది కూడా కాలేదు, వెయ్యి అడుగుల దగ్గర ఆ మాట అంది. వేగం ఉండాల్సినదానికన్నా పద్నాలుగు నాట్లు ఎక్కువుంది, మా హద్దు పది. కాసేపట్లో సర్దుకుంటుందని నాకనిపించింది. అయినా చెయ్యి కదిలింది. పదిహేను నిమిషాలు ఆలస్యంగా దిగాం. తలుపు దగ్గర ఒక పెద్దాయన ఆగి "చాలా భయపడ్డామండీ, ఏమైంది?" అని అడిగారు. ఆ అమ్మాయిని చూపించి, "ఈమె వద్దంది, మళ్ళీ తిరిగొచ్చాం" అని చెప్పాను.