‘ఒక పరిశీలన’ అనే తోక తీసేయండి

ప్రశ్న: పిహెచ్‌డి మొదటి సంవత్సరంలో ఉన్నాను. ‘మద్రాసు తెలుగు పత్రికలు – ఒక పరిశీలన’ అని 6,000 పదాల పరిశోధన పత్రం రాయాలి. ముందు అవుట్‌లైన్ ఇమ్మంటే ఉపోద్ఘాతం, పత్రికల పుట్టుక, వికాసం, సేవలు, ఉపసంహారం అని రాసి ఇచ్చాను. ‘ఇది అవుట్‌లైన్ కాదు’ అని మా మార్గదర్శకులు తిప్పి పంపారు. ఇంకేం రాయాలి?
– ఒక విద్యార్థిని, ట్రిప్లికేన్, చెన్నై

జవాబు: మీ మార్గదర్శకులు మంచి పని చేశారు. ఆ శీర్షికల్లో ‘పత్రికల’ కొట్టేసి ‘శతకాల’ అని పెట్టినా, ‘నాటకాల’ అని పెట్టినా అంతే చక్కగా అతుకుతాయి. ‘ఒక పరిశీలన’ అన్న తోక చూస్తేనే నాకు చిరాకు. దేని పరిశీలన, ఎందుకు?

ముందు ప్రశ్న పట్టుకోండి. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు. 1908లో అక్కడే ఆంధ్రపత్రికను వారపత్రికగా తెచ్చారు, 1914లో మద్రాసు నుంచి దినపత్రిక చేశారు. మద్రాసులో లోధ్ర అనే స్త్రీల మందు అమ్మిన కె.ఎన్. కేసరి 1928లో గృహలక్ష్మి అనే స్త్రీల పత్రిక పెట్టారు. ఇద్దరూ మందుల వ్యాపారులే. మందు డబ్బు పత్రికను నడిపిందా, పత్రికే మందును అమ్మిపెట్టిందా? 6,000 పదాలకు ఈ ఒక్క ప్రశ్న చాలు, నన్నడిగితే ఎక్కువే.

ఇక అవుట్‌లైన్. ప్రతి భాగానికీ శీర్షిక బదులు ఒక పూర్తి వాక్యం రాయండి, చదివినవారు ‘కాదు’ అని అడ్డు చెప్పగలిగే వాక్యం. ‘గృహలక్ష్మి – ప్రకటనలు’ అంటే ఎవరూ పోట్లాడరు. ‘గృహలక్ష్మి తొలి సంచికల్లో స్త్రీల ఆరోగ్యంపై వచ్చిన వ్యాసాలు లోధ్ర అమ్మకానికి దారి వేశాయి’ అనండి. అది నిలుస్తుందో కూలుతుందో సంచికలు తిరగేస్తేనే తేలుతుంది. ఆ వాక్యం కిందనే ఆధారాలు: ఏ నెల సంచిక, ఏ పేజీ, ప్రకటన అట్ట మీదా లోపలా, సగం పేజీయా పూర్తి పేజీయా, ఎదుటి పేజీలో ఏ వ్యాసం ఉంది. చేతిలో లేని ఆధారం దగ్గర పెన్సిలుతో ‘చూడాలి’ అని రాసుకోండి. ‘చూడాలి’లు నిండుగా ఉన్న కాగితం తెచ్చిన విద్యార్థి మీద నాకెప్పుడూ నమ్మకం ఎక్కువ. ఎగ్మూరు కన్నెమరా గ్రంథాలయానికి ఆ కాగితం పట్టుకునే వెళ్లండి. ఏ సంవత్సరాల సంచికలు ఉన్నాయో ముందే కనుక్కోండి. దొరికినవాటిని బట్టి ప్రశ్నను కుదించుకోవడంలో నామోషీ ఏమీ లేదు.

మీకు ఎదురుతిరిగే వాదనకూ ఒక భాగం కావాలి. 1937లో కోస్తా, రాయలసీమ నాయకుల మధ్య శ్రీబాగ్ ఒడంబడిక కుదిరింది పంతులుగారి ఇంట్లోనే. ‘అంతటి మనిషిని వ్యాపారి అంటారా?’ అని ఎవరో ఒకరు లేచి అడగక మానరు. ఆ మాట మీరే ముందు ఎత్తండి, అదీ పత్రం మధ్యలో, చివరి పేరాలో దాచిపెట్టకుండా.

ప్రతి వాక్యం పక్కనా పదాల సంఖ్య వేయండి. పత్రికల పుట్టుకకు 500 దాటనివ్వకండి. అది రాయడం తేలిక కాబట్టి అక్కడే సగం పత్రం అయిపోతుంది. ఉపోద్ఘాతానికి ఇప్పుడు ఒక ఖాళీ గీత చాలు, అది ఆఖరున రాసుకునేది. ‘సేవలు’ మాత్రం పూర్తిగా తీసేయండి. ఎప్పుడైనా సన్మాన పత్రం రాయవలసి వస్తే వాడుకోవచ్చు.