ఏ క్రియాటిన్ కొనాలి?

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర పల్లె. నల్లగొండలో గది తీసుకొని కానిస్టేబుల్ ఉద్యోగానికి తయారవుతున్నాను. వయసు 22, బరువు 64 కిలోలు. పొద్దున గ్రౌండ్‌లో ఈవెంట్స్ ప్రాక్టీస్, సాయంత్రం జిమ్. తోటివాళ్లు కండబలానికి క్రియాటిన్ పొడి వాడమంటే క్లాక్‌టవర్ వైపు ఒక దుకాణానికి వెళ్లాను. అందులో మోనోహైడ్రేట్ అనే రకం పాతదనీ, కడుపులోని ఆమ్లానికి విరిగిపోతుందనీ, ఒళ్లు నీరు పట్టి ముఖం ఉబ్బుతుందనీ చెప్పి, హెచ్‌సీఎల్ (హైడ్రోక్లోరైడ్) రకం గానీ, ఆమ్లాన్ని తట్టుకోవడానికి క్షారం కలిపిన బఫర్డ్ రకం గానీ తీసుకోమన్నారు. వాటి ధర రెట్టింపుకు పైగా ఉంది. ఇంటి నుంచి వచ్చే డబ్బులతో నెట్టుకొస్తున్నవాణ్ని. ఏది కొనమంటారు?

జవాబు: మోనోహైడ్రేటే కొనండి. అందులోనూ రుచులూ రంగులూ కలపని సాదా పొడి తీసుకోండి. దుకాణంలో చెప్పిన వాటిలో పాతదన్న మాట నిజమే. 1990ల మొదటి నుంచి క్రియాటిన్‌పై జరిగిన పరిశోధనల్లో అత్యధికం ఈ మోనోహైడ్రేట్‌తోనే జరిగాయి. ఎంత మోతాదు పనిచేస్తుంది, ఎంతకాలం వాడితే ఏమవుతుంది అన్న ప్రశ్నలకు గట్టి సమాధానాలు ఉన్నది దీనికే. క్రీడా పోషణపై పనిచేసే అంతర్జాతీయ సంఘం 2017లో వెలువరించిన ప్రకటన కూడా క్రియాటిన్ రూపాల్లో మోనోహైడ్రేట్‌నే ముందు నిలిపింది. కాబట్టి పాతదనడం దానికి నిందేమీ కాదు.

క్రియాటిన్ బయటి నుంచి వచ్చిన కొత్త మందు కూడా కాదు. ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త షెవ్రూల్ 1832లోనే దానిని మాంసం నుంచి వేరుచేశాడు. మన కాలేయం, మూత్రపిండాలు, క్లోమం కలిసి రోజుకు సుమారు ఒక గ్రాము తయారుచేసుకుంటాయి, మాంసం, చేపలు తినేవారికి ఆహారం నుంచి దాదాపు మరో గ్రాము అందుతుంది. ఒంట్లో ఉన్నదానిలో 95 శాతం కండరాల్లోనే ఉండి, ఒక్కసారిగా బలం పెట్టవలసిన మొదటి పది సెకన్లలో ఖర్చయిన శక్తిని తిరిగి నింపడానికి ఉపయోగపడుతుంది. డబ్బా మీద ఏ పేరున్నా పేగు దాటి రక్తంలోకి చేరేది ఈ క్రియాటినే గనుక, చూడవలసింది ఒక్కటే: మీరు పెట్టిన రూపాయికి ఎన్ని గ్రాముల క్రియాటిన్ కండరానికి చేరుతుంది?

ఆమ్లం సంగతి చూద్దాం. క్రియాటిన్ నీళ్లలో కరిగి రోజుల తరబడి ఉంటే, ముఖ్యంగా పులుపున్న ద్రవంలో ఉంటే, మెల్లగా క్రియాటినిన్ అనే వ్యర్థ పదార్థంగా మారిపోతుందన్నది నిజం. అయితే కడుపులో ఉండేంత తీవ్రమైన ఆమ్లంలో ఆ మార్పు చాలా మందగిస్తుంది, పైగా అది అక్కడ ఉండేది కొద్ది గంటలే. నోటి ద్వారా తీసుకున్న మోనోహైడ్రేట్ దాదాపు మొత్తం రక్తంలోకి చేరుతుంది. బఫర్డ్ రకం అమ్మకమంతా ఈ లేని భయం మీదే సాగుతోందని నా అభిప్రాయం. 2012లో దానిని మోనోహైడ్రేట్‌తో పోల్చి చూసిన అధ్యయనంలో కండరాల్లో చేరిన క్రియాటిన్‌లో గానీ, బలంలో గానీ బఫర్డ్‌కు ఏ ఆధిక్యమూ కనిపించలేదు.

హెచ్‌సీఎల్ విషయంలో కొంచెం లెక్క వేయాలి. అది నీళ్లలో మోనోహైడ్రేట్ కంటే ఎన్నో రెట్లు ఎక్కువగా కరుగుతుంది, ఆ మాట అబద్ధం కాదు. కానీ బాగా కరిగినంత మాత్రాన కొద్ది మోతాదే చాలునని రుజువు కాలేదు. మోనోహైడ్రేట్‌లో బరువు ప్రకారం సుమారు 88 శాతం క్రియాటిన్, మిగిలినది నీరు. హెచ్‌సీఎల్‌లో క్రియాటిన్ సుమారు 78 శాతమే. మూడు గ్రాముల మోనోహైడ్రేట్‌లో 2.6 గ్రాములకు పైగా క్రియాటిన్ ఉంటుంది. 750 మిల్లీగ్రాముల హెచ్‌సీఎల్ క్యాప్సూల్‌లో 0.6 గ్రాము కూడా ఉండదు. రోజుకు రెండు క్యాప్సూల్స్ చాలునని రాసిన డబ్బా కొంటే, ఎక్కువ డబ్బు పెట్టి సగానికన్నా తక్కువ క్రియాటిన్ తెచ్చుకున్నట్టే. మోనోహైడ్రేట్ పడక నిజంగా కడుపు బాధపడే కొద్దిమందికి మాత్రం హెచ్‌సీఎల్ ప్రయత్నించి చూడటంలో తప్పులేదు.

మోనోహైడ్రేట్ గ్లాసు అడుగున ఇసుకలా మిగిలిపోతుందని చాలామంది అంటుంటారు. ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి నీళ్లు లీటరుకు ఆరు గ్రాములే కరిగించుకుంటాయి, 20 డిగ్రీల నీళ్లు 14 గ్రాములు, 50 డిగ్రీల నీళ్లయితే 34 గ్రాములు కరిగించుకుంటాయి. పెద్ద గ్లాసెడు గోరువెచ్చని నీళ్లలో మూడు గ్రాములు వేసి తిప్పితే చాలు. అడుగున కొంచెం మిగిలినా మరికొన్ని నీళ్లు పోసుకొని తాగేయండి, కడుపులోకి వెళ్లాక అదీ కరుగుతుంది. మైక్రోనైజ్డ్ అంటే ఇదే పొడిని మరింత మెత్తగా చేసినది. ధర తేడా పెద్దగా లేకపోతే తీసుకోవచ్చు. మన బత్తాయి రసంలోనో, మజ్జిగలోనో కలుపుకున్నా ఫర్వాలేదు గానీ కలిపిన వెంటనే తాగాలి. పొద్దున కలిపి సీసాలో పోసుకొని రోజంతా ఎండలో తిప్పవద్దు. ద్రవరూపంలో అమ్మే క్రియాటిన్‌ను నేను సిఫారసు చేయకపోవడానికి కారణం కూడా ఇదే. నైట్రేట్, మాలేట్, సిట్రేట్ వంటి మిగతా పేర్లలో ఏదీ మోనోహైడ్రేట్‌ను మించిందని తేలలేదు, వాటి మీద సమయం వృథా చేసుకోకండి.

ముఖం ఉబ్బుతుందన్న మాటకు మూలం లోడింగ్ పద్ధతి. రోజుకు 20 గ్రాముల చొప్పున ఐదు నుంచి ఏడు రోజులు వాడేవారి బరువు ఒకటి రెండు కిలోలు పెరగవచ్చు, అది చాలావరకు కండర కణాల్లో చేరే నీరు. రోజుకు మూడు గ్రాములు మాత్రమే తీసుకున్నా నాలుగు వారాల్లో కండరాలు అదే స్థాయికి నిండుతాయి గనుక మీకు లోడింగ్ అవసరం లేదు. ఒకేసారి పది గ్రాములు మింగితే విరేచనాలు పట్టుకొనే అవకాశం కూడా ఉంది.

మీరు అడగని మాట ఒకటి చెప్పాలి. 2022 నాటి తెలంగాణ కానిస్టేబుల్ నియామకాల్లో పురుషులకు 1600 మీటర్ల పరుగు, లాంగ్ జంప్, 7.26 కిలోల షాట్‌పుట్ పెట్టారు. ఆరేడు నిమిషాలు సాగే పరుగుకు క్రియాటిన్ వల్ల చెప్పుకోదగ్గ లాభం ఉండదు, పైగా పెరిగిన కిలో బరువును మోసుకుంటూ పరుగెత్తాలి. షాట్‌పుట్‌కూ, జంప్‌కూ కూడా అది చేసే మేలు ఎక్కువగా సాధనలోనే కనిపిస్తుంది: జిమ్‌లో మరో రెండు సార్లు బరువు ఎత్తగలుగుతారు, ఆ బలం నెలల మీద పేరుకుంటుంది. ఈవెంట్స్‌కు మూడు నాలుగు నెలలు ఉంటే మొదలుపెట్టండి. రెండు వారాలే ఉంటే ఆ డబ్బు గుడ్లకూ పాలకూ ఖర్చు పెట్టుకోండి.

కొనేటప్పుడు సీల్‌నూ, గడువు తేదీనీ, 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) లైసెన్సు సంఖ్యనూ చూడండి. పలు పదార్థాలు కలిపి మొత్తం బరువు మాత్రమే రాసి, అందులో క్రియాటిన్ ఎన్ని గ్రాములో రాయని డబ్బాను అక్కడే వదిలేయండి. మూడు గ్రాముల లెక్కన 250 గ్రాముల డబ్బా 83 రోజులు వస్తుంది. స్కూప్ ఒక్కో కంపెనీది ఒక్కో కొలత కాబట్టి అది ఎన్ని గ్రాములో డబ్బా మీద చదివి వేసుకోండి.

ప్రశ్న: మా అబ్బాయికి 20 ఏళ్లు, జిమ్‌కు వెళ్తాడు. ఆరు నెలలుగా ఏదో క్రియాటిన్ వాడుతున్నాడు. జ్వరం వచ్చి రక్తపరీక్ష చేయిస్తే క్రియాటినిన్ 1.4 ఉంది. మా బావగారు డయాలసిస్ మీద ఉన్నారు, అందుకే భయంగా ఉంది. ఆ పొడి వల్ల కిడ్నీలు చెడిపోయాయా? (మహబూబ్‌నగర్ నుంచి ఒక తల్లి)

జవాబు: అమ్మా, ఈ ఒక్క అంకెతో కిడ్నీలు చెడిపోయాయని అనుకోనక్కర లేదు, అలాగని పట్టించుకోకుండా వదిలేయకూడదు కూడా. కండరాల్లోని క్రియాటిన్ రోజూ కొద్దికొద్దిగా క్రియాటినిన్‌గా మారి మూత్రంలో పోతుంది, అందుకే రక్తంలో దాని మోతాదును బట్టి కిడ్నీల పనితీరును అంచనా వేస్తారు. కండ ఎక్కువ ఉన్నవారికీ, క్రియాటిన్ వాడేవారికీ మూత్రపిండాలు బాగానే ఉన్నా ఆ అంకె కొంత పైకి రావచ్చు. ముందుగా అబ్బాయి వాడుతున్న డబ్బా తెప్పించి, అది ఏ రూపమో చదవండి. ఇథైల్ ఎస్టర్ అని ఉంటే వెంటనే మాన్పించండి. కండరానికి చేరకముందే క్రియాటినిన్‌గా మారిపోయే గుణం దానికి ఎక్కువ. 2009లో వెలువడిన అధ్యయనంలో దానిని వాడినవారి రక్తంలో క్రియాటినిన్ పెరిగింది గానీ, బలం విషయంలో అది మోనోహైడ్రేట్‌ను మించలేదు.

ఏ రూపమైనా ప్రస్తుతానికి ఆపించి, డబ్బాతో సహా వైద్యుని దగ్గరకు తీసుకువెళ్లండి. జ్వరంలో ఒంట్లో నీరు తగ్గినా ఆ అంకె పెరుగుతుంది గనుక పరీక్ష మళ్లీ చేయించమంటారు. ఆ పరీక్షకు ముందు రోజు బరువులు ఎత్తవద్దని, రాత్రి మటన్ తినవద్దని అబ్బాయికి చెప్పండి, ఈ రెండూ అంకెను పెంచేవే. కండరంతో అంతగా సంబంధం లేని సిస్టాటిన్-సి పరీక్ష, మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రొటీన్ పోతోందేమో చూసే పరీక్ష చేయిస్తే అసలు సంగతి తేలుతుంది. ఆరోగ్యవంతులకు తగిన మోతాదులో మోనోహైడ్రేట్ మూత్రపిండాలకు హాని చేసినట్టు పరిశోధనల్లో కనిపించలేదు. అయితే బావగారు మీ అబ్బాయికి రక్తసంబంధీకులైతే వారి జబ్బు ఏమిటో వైద్యునికి చెప్పి, ఆయన సరేనన్నాకే అబ్బాయి మళ్లీ మొదలుపెట్టాలి.

ప్రశ్న: నేను వనపర్తిలో ఉపాధ్యాయురాలిని, వయసు 46, పూర్తి శాకాహారిని. ఈమధ్యే బరువులు ఎత్తే వ్యాయామం మొదలుపెట్టాను. క్రియాటిన్ మాంసం నుంచి తీస్తారా? గమ్మీలు (నమిలే జెల్లీ బిళ్లలు), క్యాప్సూల్స్, పొడి, వీటిలో ఏది మేలు?

జవాబు: ఇప్పుడు అమ్మకంలో ఉన్న క్రియాటిన్‌ను మాంసం నుంచి తీయరు, సార్కోసిన్, సయనమైడ్ అనే రెండు రసాయనాలను కలిపి తయారుచేస్తారు. మీరు చూసుకోవలసింది పైతొడుగు గురించి: క్యాప్సూల్ తొడుగులోనూ, గమ్మీలోనూ జెలటిన్ ఉండవచ్చు, అది జంతువుల నుంచి వచ్చేదే. ఆకుపచ్చ గుండ్రని గుర్తున్న సాదా పొడి తీసుకుంటే ఆ బాధ ఉండదు. గమ్మీల్లో చక్కెర సరే, తేమా పులుపూ కూడా ఉంటాయి, ఆ రెండూ క్రియాటిన్‌కు పడవు. మాంసం తినేవారితో పోలిస్తే శాకాహారుల కండరాల్లో క్రియాటిన్ నిల్వ తక్కువ గనుక ఫలితం మీకు ఎక్కువగా కనిపించే అవకాశం ఉంది. బీపీ, షుగర్ మాత్రలు వాడుతుంటే ముందుగా మీ వైద్యుని అడగండి. లేకపోతే రోజుకు మూడు గ్రాములు, మీకు వీలైన ఏ పూటైనా సరే. మొదటి కొన్ని వారాల్లో తూకంలో కిలో పెరిగినట్టు కనిపిస్తే అది కండరంలో చేరిన నీరే, దానికోసం అన్నం తగ్గించకండి.