మొక్కలు పగలు ఊపిరి పీల్చవా?

ప్రశ్న: టీచర్, "మొక్కలు పగలు కిరణజన్య సంయోగక్రియ, రాత్రి శ్వాసక్రియ జరుపుతాయి" అని రాస్తే స్లిప్ టెస్ట్‌లో 2 మార్కులకు సున్నా వేశారు. పగలు ఆక్సిజన్ వదులుతాయని పుస్తకంలోనే ఉంది కదా! నాది తప్పెలా అయ్యింది?
– తొమ్మిదో తరగతి విద్యార్థిని

జవాబు: సగం వాక్యమే తప్పమ్మా. కానీ అసలు విషయం ఆ సగంలోనే ఉంది. నేనైతే ఒక మార్కు వేసేదాన్ని, అది వేరే సంగతి.

పగలైనా రాత్రయినా మొక్కలో బతికున్న ప్రతి కణమూ శ్వాసిస్తూనే ఉంటుంది. గ్లూకోజును విడగొట్టి శక్తి తీసే ఈ పనిలో ఎక్కువ భాగం మైటోకాండ్రియాలో జరుగుతుంది. దానికి వెలుతురుతో పని లేదు. వేరునే చూడు. మట్టిలో ఉంటుంది, పత్రహరితం ఉండదు. పగలు శ్వాసించకపోతే దానికి శక్తి ఎక్కడిది? కుండీలో నీళ్లు రోజుల తరబడి నిలిచిపోతే మొక్క వాడిపోతుంది కదా, కారణం ఇదే. మట్టి రేణువుల మధ్య గాలి ఉండాల్సిన చోట నీళ్లు చేరి వేర్లకు ఆక్సిజన్ అందదు.

మరి పగలు ఆక్సిజనే ఎందుకు బయటికొస్తుంది? మంచి ఎండలో ఆకు తయారుచేసే ఆక్సిజన్, అది వాడుకునేదానికంటే చాలా ఎక్కువ. మిగిలింది పత్రరంధ్రాల్లోంచి బయటికి పోతుంది.

ల్యాబ్‌లో హైడ్రిల్లా ప్రయోగం చేసే ఉంటారు. బీకరు నీళ్లలో కొమ్మలు, వాటిమీద గరాటు, ఆపైన నీళ్లు నింపి బోర్లించిన పరీక్షనాళిక. చిటికెడు వంటసోడా కలిపితే కార్బన్ డయాక్సైడ్‌కి లోటుండదు. దీపం దగ్గర పెడితే కొమ్మ తెగిన చోటి నుంచి బుడగలు వరసగా లేస్తాయి. దీపాన్ని వెనక్కి జరిపే కొద్దీ తగ్గి, ఒకచోట ఆగిపోతాయి. వెంటనే పిల్లలు 'కిరణజన్య సంయోగక్రియ ఆగిపోయింది' అని రికార్డులో రాసేస్తారు. తొందరపడకండి! ఆ మసక వెలుతురులోనూ ఆక్సిజన్ తయారవుతూనే ఉండొచ్చు. వచ్చిందంతా మొక్క శ్వాసకే సరిపోయి, బుడగ కట్టేంత మిగలదు. తెల్లవారుతున్నప్పుడూ పొద్దు వాలుతున్నప్పుడూ మామూలు ఆకుల్లో కాసేపు ఇదే పరిస్థితి: తయారయ్యేదీ ఖర్చయ్యేదీ సమానం.

ఈ గందరగోళమంతా 'తేడాలు రాయండి' ప్రశ్న వల్లేనని నా గట్టి అనుమానం. నిలువు గీత గీసి ఇటు పగలు, అటు రాత్రి అని రాస్తే, రెండూ షిఫ్టులవారీగా డ్యూటీ చేస్తున్నట్టే అనిపిస్తుంది. ఈసారి పట్టికలో 'ఎప్పుడు' దగ్గర 'వెలుతురు ఉన్నప్పుడు', 'ఎల్లవేళలా' అని రాయి. 'ఎక్కడ' అన్నచోట 'పత్రహరితం ఉన్న కణాల్లో', 'బతికున్న అన్ని కణాల్లో' అని రాయి. మార్కులు ఎలా రావో చూద్దాం.

ప్రశ్న: రాత్రిపూట పడకగదిలో మొక్కలుంటే ఆక్సిజన్ అయిపోతుందా? సాయంత్రం కాగానే మా ఇంట్లో కుండీలన్నీ బయట పెట్టేస్తున్నారు. మోసేది నేనే.
– ఎనిమిదో తరగతి విద్యార్థి

జవాబు: నీకు నడుం నొప్పి రావడం తప్ప ఏ ఉపయోగమూ లేదు బాబూ. ఊరికే పడుకున్నా పెద్దవాళ్లు ఒక్కొక్కరు నిమిషానికి సుమారు 250 మిల్లీలీటర్ల ఆక్సిజన్ వాడుకుంటారు. నాలుగు కుండీల మొక్కలు వాడేది దాని ముందు ఏ మూలకు? అంత భయమైతే ముందు పక్కమంచం మీద పడుకున్న అన్నయ్యని బయటికి పంపాలి!