పాలిచ్చే తల్లికి రొమ్ములో గడ్డ కడితే వేడి కాపడం పెట్టి గట్టిగా పిసకాలా?

ఒడిశాలో పర్లాకిమిడి, గుణుపురం వైపు మన తెలుగిళ్లలో బాలింతకు ముందు చెప్పేది ఇదే. పెద్దవాళ్లది మంచి మనసే కానీ, గట్టిగా పిసకొద్దు. పాలు రాయిలా గట్టిపడి నాళానికి అడ్డుపడ్డాయని అనుకుంటాం. ఎక్కువసార్లు జరిగేది వేరు: చుట్టూ కండ వాచి, సన్నటి పాలనాళం ఇరుకవుతుంది. పిసికితే వాపు ఇంకా పెరుగుతుంది. 2022లో వచ్చిన వైద్య మార్గదర్శకాలూ ఇదే చెప్పాయి.

బిడ్డ అడిగినప్పుడల్లా, రెండు వైపులా పట్టించండి. గడ్డ ఉందని ఆ వైపు మానొద్దు. అలాగని ఖాళీ అయ్యేదాకా పంపుతో పిండొద్దు, అలా చేస్తే పాలు ఇంకా ఎక్కువ ఊరుతాయి. పాలిచ్చాక చల్లటి తడిగుడ్డ వేయండి. చంక వైపు చర్మాన్ని మెల్లగా నిమరడం వరకే. బిగుతు జాకెట్టు వద్దు. నొప్పికి పారాసిటమాల్ గానీ, పడితే ఐబుప్రొఫెన్ గానీ పాలిచ్చేటప్పుడు వాడొచ్చు.

చాలావరకు ఒకట్రెండు రోజుల్లో తగ్గుతుంది. 24 గంటలైనా తగ్గకపోయినా, చలిజ్వరం వచ్చినా, ఎర్రబారినా ఆశా కార్యకర్తకు చెప్పి డాక్టరు దగ్గరకు వెళ్లండి. చీము పడితే స్కానింగ్ అవసరం, బరంపురం దాకా వెళ్లాల్సి రావచ్చు. జ్వరమున్నా ఆ పాలు బిడ్డకు హాని చేయవు.