ఐరిష్, వెల్ష్ భాషల్లోని మతపరమైన మాటలు ఎక్కడివి?

ఐరిష్, వెల్ష్ వంటి కెల్టిక్ భాషల్లో మతానికి సంబంధించిన మాటలన్నీ లాటిన్ నుంచి తెచ్చుకున్నవేనా అని మీరు అడిగారు. చర్చి వ్యవస్థకు చెందిన మాటలు చాలావరకు లాటిన్‌వే. దేవుడు, నమ్మకం, ఆత్మ అనే అర్థాలనిచ్చే మాటలు మాత్రం ఆ భాషల సొంతం, పైగా మన సంస్కృత పదాలకు దూరపు చుట్టాలు.

డబ్లిన్‌లో ఉద్యోగం చేస్తున్న రోజుల్లో నేను సాయంత్రపు తరగతులకు వెళ్ళి ఐరిష్ నేర్చుకున్నాను. వారాల పేర్ల దగ్గరే నా మనసు చిక్కుకుంది. శుక్రవారాన్ని వాళ్ళు 'ఈనె' అంటారు. ఉపవాసమనే అర్థమున్న లాటిన్ మాట 'యెయూనియుమ్' నుంచి వచ్చిందది. బుధవారం 'కేడీన్', అంటే మొదటి ఉపవాసం. ఆ రెంటికీ నడుమనున్న గురువారం పేరుకు రెండు ఉపవాసాల మధ్య రోజు అని అర్థం. మా అమ్మ శనివారం ఒక్కపొద్దు ఉండేది గానీ, మన వారం పేరు గ్రహానిదే. అక్కడ ఉపవాసమే రోజుకు పేరైంది.

అరువు మాట ఎప్పుడు, ఎవరి నోట వచ్చిందో దాని రూపమే చెబుతుంది. ఈస్టరును ఐరిష్‌లో 'కాష్క్' అంటారు. ఇది తెలుగు బైబిల్లోని 'పస్కా'తో ఒకే మూలం గల మాట. తొలినాటి ఐరిష్‌లో 'ప' ధ్వని లేకపోవడంతో దాని స్థానంలో 'క' చేరింది. పాపానికి వాడే 'పాక' కూడా లాటిన్ 'పెక్కాటుమ్' నుంచి వచ్చినదే అయినా, ఆ ధ్వని అలవాటయ్యాక వచ్చింది గనుక దానిలో 'ప' నిలిచింది. పురోహితుణ్ణి 'సాగర్ట్' అంటారు. లాటిన్ 'సకెర్దోస్'లోని 'క' ఇందులో 'గ' కావడం చూస్తే, ఈ మాట 'క'ను అలా పలికే బ్రిటన్ వారి ఉచ్చారణ మీదుగా ఐర్లాండు చేరిందని తెలుస్తుంది. క్రీ.శ. 431లో పోప్ సెలెస్టీన్ పల్లాడియస్‌ను బిషప్పుగా పంపింది, అప్పటికే క్రీస్తును నమ్ముతున్న ఐరిష్ వారి దగ్గరికి. కాబట్టి ఇలాంటి మాటలు కొన్ని అంతకు ముందే అక్కడ వాడుకలో ఉండి ఉంటాయని నేను అనుకుంటున్నాను.

నన్ను బాగా కదిలించినవి సొంత మాటలే. నమ్మడానికి ఐరిష్‌లో 'క్రెద్', వెల్ష్‌లో 'క్రెదీ' అని మొదలయ్యే మాటలున్నాయి. ఇవి మన 'శ్రద్ధ'కు తోబుట్టువులని భాషావేత్తలు చెబుతారు. ఆత్మకు ఐరిష్ మాట 'ఆనమ్'. ఊపిరి తీయడమనే అర్థంతో మన 'ప్రాణం'లో ఉన్న 'అన్' ధాతువుకూ దీనికీ మూలం ఒక్కటే. దేవుడు ఐరిష్‌లో 'దియా', వెల్ష్‌లో 'దియూ'.

ఈ చివరి మాటను లాటిన్ 'దేయుస్' నుంచి అరువు తెచ్చుకున్నారని తరగతిలో ఒకరు వాదించారు. పోలిక చూసి నేనూ కొన్నాళ్ళు అలాగే నమ్మాను. అది నిజం కాదు. 'దేయుస్', 'దియా', 'దేవ' అనేవి ఒకే తల్లి బిడ్డలు. క్రైస్తవం రాకముందు, మొదటి శతాబ్దంలో, రోమన్లు ఇంగ్లండులో నేటి చెస్టర్ నగరమున్న చోట కోట కట్టి, పక్కనే పారే నది పేరునే దానికి పెట్టారు. ఆ నదికి అక్కడి కెల్టిక్ ప్రజలు పెట్టుకున్న పేరు 'దేవా'. దానికి అర్థం దేవత. అంటే చర్చి లాటిన్ రాకముందే ఈ మాట వాళ్ళ దగ్గర ఉందన్నమాట.